నాయనతో పులిజూదం: మొదటి ఆటలో మీరు మేకల వైపు కూర్చోండి

ప్రశ్న: మాది ప్రొద్దుటూరు. నాకు 30 ఏళ్ళు. బెంగళూరులో ఉద్యోగం, నెలకు రెండుసార్లు శని, ఆదివారాలు ఇంటికొస్తాను. మా నాయన ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరైనాడు. "ఎప్పుడొచ్చినావు, అన్నం తిన్నావా" తప్ప మా ఇద్దరి మధ్య మాటల్లేవు. కోపతాపాలేం లేవు, ఊరికే మాటల్లేవు. నాకు చదరంగమన్నా, కంప్యూటర్లో రాజ్యాలు కట్టే ఆటలన్నా ప్రాణం. ఆయన ఒకప్పుడు రచ్చకట్ట మీద పులిజూదంలో పేరున్న ఆటగాడని ఈమధ్య అమ్మ చెప్తే తెలిసింది. చిన్నప్పుడు ఆడపిల్లనని నన్నక్కడికి రానిచ్చేవాడు కాదు. ఆ జతగాళ్ళలో ఇద్దరు పోయినారు, ఒకాయన కొడుకు దగ్గర హైదరాబాదులో ఉన్నాడు. పోయిన నెల ఫోన్లో చదరంగం యాప్ పెట్టి ఆడదామన్నాను. పది నిమిషాల్లో నేను గెలిచినా. "కండ్లు మండుతున్నాయి" అని లేచిపోయినాడు. మళ్ళీ అడగడానికి మొహం చెల్లడం లేదు. ఏం చేయాలి?
— ఒక పాఠకురాలు, కడప జిల్లా

సమాధానం:

ఓడిపోయినందుకే లేచిపోయాడని మీరు బాధపడుతున్నట్టున్నారు. మాకు ఇంకో అనుమానం ఉంది. మన ఊళ్ళలో పాత తరం ఆడిన చదరంగం, యాప్‌లో ఉండే చదరంగం ఒకటి కావు. చాలా ఊళ్ళలో బంటు మొదటి ఎత్తులో కూడా ఒక్క గడే నడుస్తుంది. కోట కట్టడం (రాజును, ఏనుగును ఒకే ఎత్తులో జరపడం) ఉండదు. దానికి బదులు రాజుకు చెక్ పడకముందు ఒక్కసారి గుర్రంలా దూకే హక్కు ఉంటుంది. అవతలి అంచు చేరిన బంటు ఏ వరసలో చేరిందో, ఆట మొదట్లో ఆ వరసలో ఉండే బలం అవుతుంది, ప్రతిసారీ మంత్రి కాదు. ఈ పద్ధతికి చేయి తిరిగిన మనిషి రాజును గుర్రంలా దూకించబోతే యాప్ కదలనివ్వదు, ఎందుకు కదలదో చెప్పదు. అరచేయంత తెర మీద, కన్నకూతురి ముందు, తనకు బాగా తెలిసిన ఎత్తు పడక కూర్చున్నారేమో ఆలోచించండి. పది నిమిషాలు ఓపిక పట్టారంటే అది మీ కోసమే.

కాబట్టి చదరంగాన్ని కొన్నాళ్ళు పక్కన పెట్టండి. మూడు పులులు, పదిహేను మేకలతో ఆడే పులిజూదంతో మొదలుపెట్టండి. అందులో ఆయన గురువు, మీరు శిష్యురాలు. ఇది నటన కాకూడదు. ఆ ఆట మీకు నిజంగా రాదు, నిజంగానే నేర్చుకోవాలి. చదరంగం వచ్చినంత మాత్రాన పులిజూదం రాదు, ఎందుకంటే ఇందులో రెండు పక్షాల బలగాలూ వేరు, నడకలూ వేరు, గెలుపూ వేరు.

"ఆడదామా నాయనా" అని అడగవద్దు. అడిగితే "ఇప్పుడెందుకులేమ్మా" అనడం ఆయనకు సులువు. పటం గీయడం మొదలుపెట్టి, సగంలో ఆగి, కచ్చితమైన జవాబుండే ప్రశ్న ఒకటి అడగండి: "నాయనా, మీ రచ్చకట్ట మీద అడ్డగీతలు మూడేనా?" తెలిసిన మనిషి ఈ ప్రశ్నకు కూర్చున్న చోటినుంచే జవాబు చెప్పి ఊరుకోలేడు. వచ్చి చూస్తాడు, సుద్దముక్క తీసుకుంటాడు.

పటం కొలతలు ఇవి. మన జిల్లాలో బండకు కొదవ లేదు కాబట్టి కడప బండ ముక్క మీదే గీయమంటాం. అడుగున్నర చదరం, రెండు సెంటీమీటర్ల మందం ముక్క దాదాపు 11 కిలోలు తూగుతుంది. ఒకచోట పెట్టి వదిలేయడానికే బాగుంటుంది, రోజూ ఎత్తిపెట్టడానికి కాదు. అద్దంలా పాలిష్ చేసినది మాత్రం వద్దు. నల్లటి మెరుపులో ట్యూబులైటు తిరిగి కంట్లో కొడుతుంది, పెద్దవాళ్ళకు అది నరకం. నునుపు చేసి వదిలేసినది అడగండి. పై అంచు దగ్గర మధ్యలో ఒక చుక్క పెట్టండి, అది కొన. దానికి సరిగ్గా 40 సెంటీమీటర్ల కింద 36 సెంటీమీటర్ల అడుగుగీత గీసి, 12 చొప్పున మూడు భాగాలు చేయండి. నాలుగు చుక్కలొస్తాయి. కొన నుంచి ఆ నాలుగింటికీ నాలుగు గీతలు దించండి. ఇప్పుడు కొన నుంచి 16, 24, 32 సెంటీమీటర్ల దగ్గర మూడు అడ్డగీతలు, ఒక్కొక్కటి 40 సెంటీమీటర్ల పొడవు, ఎడమకూ కుడికీ సమానంగా. చివరగా ఆ మూడింటి ఎడమ కొసల్ని ఒక నిలువుగీతతో, కుడి కొసల్ని ఇంకో నిలువుగీతతో కలపండి. లెక్క పెట్టుకోండి: కొన ఒకటి, అడ్డగీతకు ఆరు చొప్పున 18, అడుగున 4, మొత్తం 23 బిందువులు. చాలామంది కొన పక్కనే, అయిదారు సెంటీమీటర్లలోనే మొదటి అడ్డగీత గీస్తారు. అప్పుడు అక్కడి నాలుగు బిందువులూ ఒకదాన్నొకటి ఒరుసుకుని, పులి ఎక్కడుందో మేక ఎక్కడుందో తెలియదు.

మొదట సుద్దతోనే గీయండి. ఆయన చూసి సరేనన్నాకే తెల్లరంగు వేయండి, లేదా ఆయన చేతే వేయించండి.

మేకలకు చింతగింజలు వాడటం వాడుకే అయినా నల్ల బండ మీద అవి కనిపించవు. పెన్న ఇసుకలో దొరికే తెల్ల గులకరాళ్ళు, బొటనవేలి గోరంతవి 15 ఏరండి, ఒకటి రెండు అదనంగా. పులులకు పది రూపాయల బిళ్ళలు మూడు చాలు. బండను నేల మీద పెట్టవద్దు. మోకాళ్ళ సంగతి సరే, ఇంకో ఇబ్బంది కూడా ఉంది. నేల మీది పటం కంటికి దూరమై, కళ్ళద్దాల్లో దగ్గర చూపు భాగానికీ అందదు, దూరపు చూపు భాగానికీ అందదు. గట్టి బల్ల మీద పెట్టి, ఆయన కంటికి అర మీటరు లోపు ఉండేలా చూడండి. లైటు ఆయన వెనక నుంచి, భుజం మీదుగా పడాలి. వేసవిలో మిట్టమధ్యాహ్నం ఆట పెట్టుకుంటే ఎండ దెబ్బకే ఆట మీద విసుగు పుడుతుంది. పొద్దు వాలాక అరుగు మీదో మిద్దె మీదో కూర్చోండి. బొరుగుల గిన్నె మాత్రం పటానికి దూరంగా.

ఇక ఆట. ఎక్కువ ఊళ్ళలో నడిచే పద్ధతి ఇది. మూడు పులుల్లో ఒకటి కొన మీద, రెండు దాని కింద మొదటి అడ్డగీత నడిమి బిందువుల్లో. తర్వాత వంతులవారీగా మేకల పక్షం ఒక మేకను ఖాళీ బిందువులో దించుతుంది, పులుల పక్షం ఒక పులిని కదుపుతుంది. 15 మేకలూ దిగేదాకా ఏ మేకా కదలకూడదు. పులి గీత వెంబడి పక్క బిందువుకు నడుస్తుంది, లేదా ఆనుకుని ఉన్న మేక మీదుగా అదే గీతలో అవతలి ఖాళీలోకి దూకి మేకను చంపుతుంది. వరసగా రెండు మేకలుంటే దూకలేదు. మూడు పులులూ కదల్లేని స్థితికి వస్తే మేకలు గెలిచినట్టు.

ఊరికొక పద్ధతి ఉంటుంది కాబట్టి నాలుగు సంగతులు ముందే ఆయన్ని అడిగి ఒక నోటుబుక్కులో ఆయన మాటల్లోనే రాసుకోండి. పులులు ముందే కూర్చుంటాయా, మేకలతో పాటు ఒక్కొక్కటిగా దిగుతాయా? ఒకే ఎత్తులో పులి రెండు మూడు దూకులు దూకవచ్చా? చంపే అవకాశం ఉంటే చంపి తీరాలా? ఎన్ని మేకలు పోతే ఓటమి? చివరిదానికి ఆయన ఊళ్ళో లెక్కేమీ లేకపోతే అయిదు పెట్టుకోండి. పదితో మూడు పులుల్ని కట్టేయడం గగనం, ఆట ఊరికే సాగుతుంది. ఈ నోటుబుక్కు చిన్న విషయం అనుకోవద్దు. ఇంట్లో ఆటలు చెడేది ఓటమి వల్ల తక్కువ, "మా దగ్గర ఇట్లా లేదు" అన్న మాట వల్ల ఎక్కువ. పైగా ఆ రచ్చకట్ట పద్ధతి ఆయన తర్వాత ఇంకెవరి దగ్గరా దొరకదు.

మొదటి ఆటలో మీరు మేకలు తీసుకోండి, ఆయనకు పులులు ఇవ్వండి. మేకల ఆట కష్టం, మీరు ఎనిమిదో మేక దించేలోపే మూడో నాలుగో పోగొట్టుకుంటారు. ప్రతి చావుకూ ఒక కారణం ఉంటుంది, అది చెప్పగలిగిన మనిషి ఎదురుగా ఉన్నాడు.

పటంలోని బిందువులకు అంకెలు పెట్టుకుంటే చెప్పుకోవడం సులువు. ముందు గీత అంకె, తర్వాత ఎడమ నుంచి వరస. మొదటి అడ్డగీత 11 నుంచి 16, రెండోది 21 నుంచి 26, మూడోది 31 నుంచి 36. అడుగుగీత 42, 43, 44, 45 (12, 22, 32 మీదుగా దిగే గీత చేరేది 42కే కాబట్టి 41 లేదు). కొనకు అంకె అక్కర్లేదు. ఇప్పుడు చూడండి: 11, 16, 31, 36, 42, 45, కొన, ఈ ఏడు బిందువుల్లో మేక చావదు. అక్కడికొచ్చే ప్రతి గీతా అక్కడే ఆగిపోతుంది, పులికి అవతల దిగే చోటు లేదు. మిగతా చోట్ల ఒకటే సూత్రం: మేక మీదుగా సాగిపోయే ప్రతి గీతలోనూ దానికి ఒక పక్కనైనా ఇంకో మేక తోడుండాలి. 42లో మేక ఉంటే 43 భద్రం. 31, 42 రెండింటిలోనూ ఉంటే 32 భద్రం, అడ్డంగానూ దూకలేదు, నిలువుగానూ దూకలేదు. ఇలా అంచుల నుంచి లోపలికి గోడ కట్టినట్టు రావాలి. కొత్తవాళ్ళు చేసే పొరపాటు, పులిని ఆపుదామని మొదటి మేకనే నడిమధ్యలో దించడం. అది మరుసటి ఎత్తుకే పోతుంది.

అసలు చిక్కు పదిహేనో మేక దిగాక వస్తుంది. అప్పటిదాకా దించడానికి కొత్త మేక ఉంది, గోడ చెదరలేదు. ఇక ప్రతి వంతులోనూ ఏదో ఒకటి కదపాలి, కదిపితే గోడలో కంత పడుతుంది. అందుకే ఒక మేకను అటూ ఇటూ తిప్పడానికి వీలుగా చివర్లో దించుకోవాలి. 11, 21, 32లో మేకలుంటే 22లో ఉన్న మేకకు చావు లేదు. అది 12కు వెళ్ళి రావచ్చు, ఆ సమయానికి పులి కొన మీద లేకపోతే. కొన మీద పులి ఉండగా 12కు వెళ్ళారా, ఖాళీ అయిన 22లోకి దూకి చంపుతుంది. ఈ ఒక్క ఎత్తులో మీ నాయన మిమ్మల్ని నాలుగుసార్లైనా పట్టుకుంటారు.

పులుల వైపు నేర్చుకోవలసింది ఒక్క లెక్క. 42 మూలలో కూర్చున్న పులిని కట్టేయడానికి నాలుగు మేకలు చాలు: 32, 43, వాటి వెనక 22, 44. నడిమధ్య 23లోనో, కొన మీదో ఉన్న పులిని కట్టేయాలంటే ఎనిమిది కావాలి. ఒక్క పులి కోసం ఎనిమిది ఖర్చుపెడితే మిగతా రెండింటికి ఏడే మిగులుతాయి. కాబట్టి పులి మూలకు పోకూడదు. మేక ఎర వేసినా మూలకు పోకూడదు. మీరు చదరంగం ఆడేవారు కాబట్టి ఇది త్వరగా పట్టుబడుతుంది.

ఆటల్ని జతలుగా లెక్కపెట్టండి. ఒకసారి మీరు మేకలు, ఒకసారి ఆయన. ఎవరు తక్కువ మేకల్ని పోగొట్టుకున్నారో వాళ్ళది ఆ జత. తేదీ, అంకె నోటుబుక్కులో వేయండి. ఈ పద్ధతిలో జత ఓడినా "పోయినసారి అయిదు పోయినాయి, ఈసారి మూడే" అని చెప్పుకోవడానికి ఉంటుంది.

ఒక మాట గట్టిగా చెప్పాలి. ఆయన మనసు కోసం కావాలని ఓడవద్దు. నలభై ఏళ్ళు ఆడిన కంటికి దాచిన ఎత్తు తెలిసిపోతుంది, అది ఓటమి కంటే ఎక్కువ గుచ్చుతుంది. కృష్ణదేవరాయలతో చదరంగమాడి గెలిచేవాడని బొడ్డుచర్ల తిమ్మనను మెచ్చుకుంటూ మనకో చాటుపద్యమే ఉంది. ఎదురుగా ఉన్నది రాజైనా సరే, పూర్తి ఆట ఆడటమే మర్యాద. ఆయన చూపు తడబడి తప్పు బిందువులో పెట్టే అవకాశం ఉంది కాబట్టి ఆటకు ఒక్కసారి ఎత్తు వెనక్కి తీసుకునే వీలు ఇద్దరికీ పెట్టుకోండి, ఇద్దరికీ అన్నది ముఖ్యం. కొన్నాళ్ళకు మీరు గెలవడం మొదలవుతుంది. అప్పుడు ఎందుకు గెలిచారో వివరించవద్దు. "ఎనిమిదో మేక నువ్వైతే యాడ పెట్టుండేవాడివి నాయనా?" అని అడిగి, పటాన్ని ఆ స్థితికి తిరిగి పేర్చండి.

మాటల సంగతి. ఆట ముందు కూర్చోబెట్టి మనసు విప్పించాలని చూడకండి. పటం వైపు చూస్తూ కూర్చున్న ఇద్దరికి ఒకరి మొహం ఒకరు చూసుకోవలసిన పని లేదు, అదే ఇందులోని సుఖం. ఎప్పుడో ఒక పులిని కదుపుతూ "ఇది ఫలానా వాడి ఎత్తు" అంటారు. పోయిన జతగాళ్ళలో ఒకరి పేరు అది. అప్పుడు ఆ మనిషి గురించి ఒక్క ప్రశ్న అడగండి, ఒక్కటే. జవాబు చిన్నదైతే ఊరుకుని మీ మేకను దించండి. రచ్చకట్టకు రానివ్వలేదన్న నొప్పి మీకుంది, అది న్యాయమైన నొప్పే. దాన్ని అడగవద్దని మేం అనం. కానీ పటం ముందు అడిగితే, దీనికోసమే కూర్చోబెట్టిందని ఆయనకు అనిపిస్తుంది. అది వేరే రోజు, వేరే చోట. ఈలోగా వీధిలోని ఆయన స్నేహితుల్ని కూడా పిలవకండి. నలుగురిలో కూతురి చేతిలో ఓడటమూ, నలుగురిలో కూతుర్ని ఓడించడమూ రెండూ ఆయనకు ఇబ్బందే. నలుగురినీ ఆయనే పిలిస్తే అది వేరు.

పులిజూదం నడకలో పడ్డాక మీ చదరంగం తేవచ్చు. చెక్క పటం, చేతికందే పెద్ద పావులు. మొదట ఆయన ఊరి పద్ధతిలోనే ఆడండి, రాజు గుర్రంలా దూకనివ్వండి. ఆ తర్వాత ఒక ఆట ఆయన పద్ధతి, ఒక ఆట మీ పద్ధతి. మూడు గింజల్ని ఒక వరసకు తెచ్చే 'దాడి' అనే పటం ఆట ఆయనకు వచ్చే ఉంటుంది, చెరి తొమ్మిది గింజలతో వానాకాలం సాయంత్రాలకు బాగుంటుంది.

కంప్యూటర్ ఆటల్లో ఏది చూపించాలన్నది ఆలోచించి ఎంచుకోండి. ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ లాంటివి వద్దు. అందులో కాలం ఆగదు, మీరు వివరిస్తుండగానే ఊరు తగలబడుతుంది. సివిలైజేషన్ 6 వంతులవారీ ఆట, మీరు వంతు ముగించేదాకా ఏదీ కదలదు. ఒకే కంప్యూటర్ మీద ఇద్దరు మార్చి మార్చి ఆడే వీలు కూడా ఉంది. కానీ మౌస్ ఆయన చేతికివ్వడానికి తొందరపడకండి. మొదట ఆయన సలహా చెప్పే మంత్రి, మీరు చేసే చేతులు. మొదటి ఊరు ఎక్కడ కట్టాలో ఆయన్నే అడగండి. ఆ ఆటలో నది ఒడ్డున కట్టిన ఊరికి జనం పెరగడానికి ఎక్కువ చోటు దొరుకుతుంది, నీళ్ళు లేని చోట కడితే ఎదుగుదల త్వరగా ఆగిపోతుంది. పెన్నలో నీళ్ళు ఎప్పుడొస్తాయా అని చూసిన మనిషికి ఈ సూత్రం ఎవరూ నేర్పనక్కర్లేదు. అరగంట ఆడి భద్రపరచి ఆపేయండి. ఆ ఆట ఒక్కటి పూర్తి కావడానికి గంటలకు గంటలు పడుతుంది, ఒకే రోజు కూర్చోబెడితే రెండోసారి రారు.

ఆదివారం సాయంత్రం మీరు బస్సెక్కే ముందు ఒక ఆట సగంలో ఆపండి. ఏది ఎక్కడుందో, ఎవరి వంతో నోటుబుక్కులో రాయండి. బిందువుల అంకెలు అక్కరకొచ్చేది ఇప్పుడే. బెంగళూరులో మీ బల్ల మీద కాగితం పటం, గుండీలతో అదే స్థితి పేర్చుకోండి. వారం మధ్యలో, మీ ఇద్దరికీ కుదిరే ఒకే వేళకు ఫోన్ చేసి "32 నుంచి 22" అని చెప్పండి. ఆయన తన ఎత్తు చెప్తారు. టికెట్ల లెక్కలతో ఉద్యోగమంతా గడిపిన మనిషికి రెండంకెలు గుర్తుపెట్టుకోవడం కష్టం కాదు. ఒక ఫోనుకు మూడు నాలుగు ఎత్తులు మించవద్దు. రెండు పటాల మధ్య తేడా రావడం మామూలే, ఒక గులకరాయి జరిగినా వస్తుంది. కాబట్టి ఫోన్ పెట్టేముందు పులులు మూడూ ఎక్కడున్నాయో ఒకసారి సరిచూసుకోండి. అమ్మకు ఫోనిచ్చి ఎత్తు చెప్పించవద్దు, ఆయనే పలకాలి.

మొదటి రెండు మూడు రాకల్లో ఆయన పటం దగ్గరికి రాకపోయినా బండను తీసేయకండి. పులుల్ని వాటి చోట పెట్టి, మేకల్ని పక్కన కుప్పగా పోసి, రోజూ ఆయన కూర్చునే కుర్చీకి దగ్గరగా ఉంచి బెంగళూరు వెళ్ళండి. తిరిగొచ్చినప్పుడు ముందు మేకల్ని లెక్కపెట్టండి, ఏవైనా పటం మీదికి ఎక్కాయేమో చూడండి.